ఆకాశంలో పనికి పిట్టగోడ ఎవరు కట్టాలి?

(బరంపురం బడా బజార్‌లో మేడే సాయంత్రం జరిగిన యౌవనుల కూడికలో చేసిన ప్రసంగం)



మేడే అనగానే మనకు మరమగ్గం గుర్తొస్తుంది. రైలు పట్టాలు గుర్తొస్తాయి. తెల్లవారకముందే వీధులు ఊడ్చే మునిసిపాలిటీ అమ్మలు గుర్తొస్తారు. గంజాం జిల్లావాళ్ళం, అలా గుర్తు రావడం సహజమే. ఒకప్పుడు మన ముందు తరాలవాళ్ళు గోపాలపురం రేవులో ఓడ ఎక్కి కూలికి రంగూను వెళ్ళారు. ఇవాళ వాళ్ళ మునిమనవలు రైలెక్కి సూరత్ వెళ్తున్నారు. ఈ రెండు వలసల గురించి మన కూడికల్లో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ సాయంత్రం మూడో వలస గురించి చెబుతాను. ఇందులో వెళ్ళేవాళ్ళ చేతిలో రేకు పెట్టె ఉండదు, చక్రాల సూట్‌కేసు ఉంటుంది. అందుకే కాబోలు, వాళ్ళను మనం కార్మికుల లెక్కలో వేయం.

విమానాల్లో పనిచేసే క్యాబిన్ సిబ్బంది గురించి చెబుతున్నాను. మనం ఎయిర్ హోస్టెస్ అంటాం. ఇప్పుడు మగపిల్లలు కూడా చేరుతున్నారు.

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో తల్లిదండ్రులు నా దగ్గరికి వస్తారు. "అయ్యగారూ, మా పాప క్యాబిన్ క్రూ కోర్సు అంటోంది, చేర్పించమంటారా?" అని అడుగుతారు. పక్కనే ఉన్న పెద్దాయన ఒకరు వెంటనే అందుకుంటారు: "అది మన పిల్లలు చేసే ఉద్యోగం కాదండీ." ఆయన కళ్ళ ముందు ఉన్నది పొట్టి గౌను, లిప్‌స్టిక్. పాప కళ్ళ ముందు ఉన్నది దుబాయ్, సింగపూర్, మంచి జీతం. ఇద్దరూ చూస్తున్నది పైనున్న బట్టనే. ఆ బట్ట లోపల ఒక శరీరం ఉంది, దానికి ఊపిరి, నడుము, చెవులు, నిద్ర ఉన్నాయి. వాటి సంగతి ఇద్దరిలో ఎవరూ అడగరు. నేను ఈ రోజు అడగదలచుకున్నది అదొక్కటే.

ముందు ఆ పని ఏమిటో సరిగ్గా తెలుసుకుందాం. 1930లో అమెరికాలో మొట్టమొదటి విమాన పరిచారికగా చేరిన ఎలెన్ చర్చ్ ఒక నర్సు. ఆమెతోపాటు మొదటి జట్టులో చేరినవాళ్ళూ నర్సులే. అంటే ఈ ఉద్యోగం పుట్టిందే ప్రయాణికుల క్షేమం చూడడానికి. టీ అందించడం దాని పక్కన వచ్చి చేరిన పని. విమానంలో సుమారు 50 సీట్లకు ఒకరి చొప్పున సిబ్బంది ఉండాలన్న నియమం భోజనాల లెక్క చూసి పెట్టింది కాదు. విమానం కాలిపోతుంటే అంతమందిని తలుపుల్లోంచి బయటికి పంపాలి. ఆ లెక్కతో పెట్టారు. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చేముందు, సగం తలుపులు మూసేసి, 90 సెకన్లలో అందరూ బయటపడగలరా అని పరీక్షిస్తారు.

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ తీర రక్షక దళం విమానాన్ని ఢీకొట్టింది. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. పెద్ద విమానం మొత్తం కాలి బూడిదైంది. కానీ అందులో ఉన్న 379 మందీ బతికి బయటపడ్డారు. లోపల పొగ నిండుతోంది, మైకులు పనిచేయడం లేదు. సిబ్బంది మెగాఫోనులతో, గొంతులతో అరిచి, ఏ తలుపు తెరవవచ్చో ఏది తెరవకూడదో చూసి మనుషులను దించారు. సామాను వదిలేయండి అని వాళ్ళు చెప్పిన మాట ప్రయాణికులు విన్నారు. మనం రైల్లో బరంపురం స్టేషన్ వస్తేనే సంచీ వదలం, అది వేరే సంగతి.

నిరుడు మన దేశంలో జరిగింది మీకు చెప్పనక్కరలేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన ఎయిర్ ఇండియా విమానంలో 242 మంది ఉంటే 241 మంది చనిపోయారు. వాళ్ళలో పన్నెండుమంది సిబ్బంది, అందులో పదిమంది క్యాబిన్‌లో పనిచేసేవాళ్ళు. ఆ సాయంత్రం మనం ప్రయాణికుల కోసం ప్రార్థించాం. ఆ పదిమంది పనిలో ఉండి చనిపోయారని, అది కార్మికుల మరణం కూడా అని ఎంతమందికి తట్టింది?

కూలిపోయే విమానాలు చాలా అరుదు. ఆ భయం పిల్లల్లో పెట్టడం నా ఉద్దేశం కాదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది రోజూ కొంచెం కొంచెంగా జరిగే నష్టం.

మన జిల్లాల్లో పేరున్న కొండ ఏది? మహేంద్రగిరి. దాని ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి 1,672 మీటర్లు. విమానం ఆకాశంలో ఉన్నప్పుడు లోపలి గాలిని యంత్రాలతో ఒత్తిడి పెంచి ఉంచుతారు. అయినా ఆ ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచనగా ఉండొచ్చు. అంటే దాదాపు 2,400 మీటర్లు. మనం కూర్చుని కునికే ప్రయాణికులం, మనకు పెద్దగా తెలియదు. దేవమాలి కంటే ఎత్తైన కొండ మీద నిలబడి, ఎనభై కిలోలు దాటే భోజనాల ట్రాలీని ఇరుకు సందులో తోసేవాళ్ళకు తెలుస్తుంది. విమానం ఇంకా పైకి ఎక్కుతూ ఉండగానే సర్వీసు మొదలవుతుంది, కాబట్టి ఆ తోయడం మెట్ట ఎక్కుతూ తోయడమే. గంటన్నర ప్రయాణంలో అందరికీ ఇచ్చి, డబ్బు తీసుకుని, చెత్త ఏరి, దిగేముందు అంతా కట్టేయాలి. రోజుకు ఇలా నాలుగుసార్లు కూడా ఉండొచ్చు. మన వీధుల్లో అప్పడాలు ఒత్తే అక్కలను అడగండి, ఒకే భంగిమలో వంగి పనిచేస్తే నడుము ఏమవుతుందో చెబుతారు. ఈ పిల్లలది వంగడం, లేవడం, తలపై పెట్టెలు ఎత్తడం, అదీ కదిలే నేల మీద.

లోపలి గాలిలో తేమ చాలా తక్కువ, తరచు ఇరవై శాతం కూడా ఉండదు. గొంతు ఎండుతుంది, ముక్కు ఎండుతుంది. నీళ్ళు తాగాలి. తాగితే మరుగుదొడ్డికి వెళ్ళాలి, సర్వీసు మధ్యలో వెళ్ళడానికి లేదు. కాబట్టి తాగరు. దాని ఫలితం ఏమిటో ఇక్కడున్న ఆడవాళ్ళకు నేను వివరించక్కర్లేదు, బజారులో రోజంతా నిలబడి అమ్మేవాళ్ళది కూడా ఇదే బాధ.

చెవుల సంగతి చెప్పాలి. మామూలు జలుబు మనకు జబ్బే కాదు. విమానంలో పనిచేసే మనిషికి అది ప్రమాదం. విమానం దిగుతున్నప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంది, ముక్కు మూసుకుపోయి ఉంటే చెవి లోపలి గాలి దానితో సమానం కాలేదు. తీవ్రమైన నొప్పి వస్తుంది, కర్ణభేరి చిట్లవచ్చు కూడా. అందుకే జలుబుతో ఎగరకూడదని వైద్యులు చెబుతారు. మరి ఎందుకు ఎగురుతారు? ఇక్కడే జీతం, ఆరోగ్యం ఒకదానికొకటి ముడిపడతాయి. క్యాబిన్ సిబ్బంది జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటలను బట్టి వస్తుంది. మంచం మీద ఉంటే ఆ భాగం రాదు. ఇంటికి పంపాల్సిన డబ్బు ఉంటుంది, కోర్సు కోసం తెచ్చిన అప్పు ఉంటుంది. సెలవు పెడితే పైవాళ్ళు గుర్రుగా చూస్తారన్న భయం ఉంటుంది. ఒక మాత్ర వేసుకుని ఎక్కేస్తుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయి ఇలాగే ఎక్కి, చెవి పాడై, నెలల తరబడి నేల మీదే ఉండిపోయింది. "నీకు ఆరోగ్యం బాగాలేదని నువ్వే చెప్పాలి కదా" అన్నారట. మాట నిజమే. చెప్పేవాళ్ళకు జీతం కోసే పద్ధతిని పెట్టినవాళ్ళు ఆ మాట అనడమే నాకు మింగుడు పడలేదు.

ఈ ఎగిరిన గంటల లెక్క మన దేశపు సమస్య మాత్రమే కాదు. 2025 ఆగస్టులో కెనడాలో ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది పదివేల మందికి పైగా సమ్మె చేశారు. విమానం నేల మీద ఉన్నప్పుడు ప్రయాణికులను ఎక్కించడం, కూర్చోబెట్టడం, తలుపులు చూడడం పనే కదా, దానికి డబ్బు ఏదని వాళ్ళ ప్రధాన ప్రశ్న. ప్రభుత్వం పనిలోకి వెళ్ళమంది. వాళ్ళు వెళ్ళలేదు. నాలుగు రోజుల్లో ఒప్పందం కుదిరింది.

కుదుపుల గురించి ఒక్క మాట. 2022 మే 1న, సరిగ్గా మేడే నాడే, ముంబయి నుంచి మన పక్క రాష్ట్రంలోని దుర్గాపూర్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం దిగేటప్పుడు పెద్ద కుదుపులకు లోనై ప్రయాణికులు, క్యాబిన్ సిబ్బంది గాయపడ్డారు. బెల్టు పెట్టుకోమని దీపం వెలిగినప్పుడు మనం కూర్చునే ఉంటాం. అందరూ పెట్టుకున్నారా అని చూసేవాళ్ళే లేచి తిరుగుతుంటారు. ఆ సమయంలో "ఒక్క నీళ్ళ బాటిల్ తెచ్చిపెట్టమ్మా" అని పిలిచేవాళ్ళూ ఉంటారు, దయచేసి మీరు అందులో ఒకరు కాకండి.

ఇక నిద్ర. ఇది అన్నిటికంటే పెద్దది. ఒక రోజు తెల్లవారుజామున మూడుకు లేవాలి, మరో రోజు అర్ధరాత్రి దాటాక పడుకోవాలి, ఇంకో రోజు వేరే దేశపు గడియారం. శరీరంలో ఉన్న గడియారం ఇంత తొందరగా తిరగదు. రాత్రి షిఫ్టు పనిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే, మళ్ళీ 2019లో, క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో పెట్టింది. 2018లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలోని 5,366 మంది విమాన సిబ్బంది ఆరోగ్యం పరిశీలించి ఒక పత్రం అచ్చు వేశారు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళు ఆ సిబ్బందిలో వందకు 3.4 మంది ఉంటే, వాళ్ళతో పోల్చిన సాధారణ జనంలో 2.3 మంది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు, నిద్ర వల్లా, రేడియేషన్ వల్లా, మరొకటా అని అది విడదీసి చెప్పలేదు. కానీ అడగడానికి మనకు ఆ మాత్రం ఆధారం చాలు.

రేడియేషన్ అన్నాను. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలను భూమి మీద ఉన్న గాలి దుప్పటిలా ఆపుతుంది. 35,000 అడుగుల ఎత్తులో ఆ దుప్పటి పలచన. మన పక్కనే ఛత్రపురంలో ఐ.ఆర్.ఇ.ఎల్. ఇసుక కర్మాగారం ఉంది. ఆ ఇసుకలోని మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అక్కడి పని అణుశక్తి నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే తమ్ముడి జేబుకు ఒక బ్యాడ్జి ఉంటుంది, అతని ఒంటికి ఎంత సోకిందో అది చెబుతుంది. విమాన సిబ్బంది జేబుకు బ్యాడ్జి మీరు చూసి ఉండరు. అమెరికాలో వాళ్ళకు ఏడాదికి సగటున సుమారు 3 మిల్లీసీవర్టులు సోకుతుందని 2009లో లెక్కకట్టారు. యూరప్ దేశాల్లో చట్టం ప్రకారం పరిమితికి మించి సోకే అవకాశం ఉన్న సిబ్బంది మోతాదును ఎయిర్‌లైన్ లెక్కకట్టాలి, గర్భిణులను ప్రత్యేకంగా కాపాడాలి. దీన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పను. భూమధ్య రేఖకు దగ్గరగా ఎగిరే మన దేశీయ విమానాల్లో ఇది తక్కువ, ధ్రువాల మీదుగా అమెరికా వెళ్ళే వాటిలో ఎక్కువ. భువనేశ్వర్ నుంచి హైదరాబాద్ తిరిగే పాపకు దీనికంటే ముందు నిద్ర, నడుము, చెవులు చూడాలి. కానీ "నాకు ఎంత సోకింది?" అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి.

అడిగితే ఏమవుతుంది అని నిట్టూర్చేవాళ్ళకు ఒక చరిత్ర చెబుతాను. ఒకప్పుడు విమానాల్లో సిగరెట్లు తాగేవారు. తలుపులు మూసిన గొట్టంలో వందమంది తాగిన పొగ, అందులోనే పదేళ్ళు ఇరవై ఏళ్ళు పనిచేసిన ఆడవాళ్ళు. సిగరెట్ ముట్టనివాళ్ళకు ఊపిరితిత్తుల జబ్బులు వచ్చాయి. అమెరికాలో విమాన పరిచారికలు ఏళ్ళ తరబడి పోరాడారు. 1988లో రెండు గంటల లోపు ప్రయాణాల్లో, 1990లో దాదాపు దేశీయ విమానాలన్నిటిలో, 2000లో అంతర్జాతీయ విమానాల్లో అక్కడ చట్టం ద్వారా నిషేధం వచ్చింది. 1991లో నార్మా బ్రోయిన్ అనే పరిచారిక, మరికొందరు పొగాకు కంపెనీల మీద దావా వేశారు. 1997లో ఆ కంపెనీలు 30 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీకి వచ్చాయి. ఆ డబ్బు వాళ్ళ చేతికి రాలేదు, వైద్య పరిశోధనకు వెళ్ళింది. ఈ రోజు మీరూ నేనూ పొగ లేని విమానం ఎక్కుతున్నామంటే అందులో ఆ ఆడవాళ్ళ ఊపిరి ఉంది.

మన దేశంలో మరో పోరాటం. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు నియమం ఇలా ఉండేది: ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్ళకు దిగిపోవాలి, లేదా ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలో పెళ్ళి చేసుకుంటే దిగిపోవాలి, లేదా మొదటిసారి గర్భం వస్తే దిగిపోవాలి. వీటిలో ఏది ముందొస్తే అది. నర్గీస్ మీర్జా, ఆమె తోటివాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1981లో కోర్టు గర్భం వస్తే తీసేయడాన్ని కొట్టేసింది. స్త్రీత్వానికే అవమానం అన్నంత గట్టిగా చెప్పింది. పెళ్ళి నియమాన్ని మాత్రం ఉంచింది, ఆ భాగం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ తర్వాత కూడా 2009లో అదే సంస్థ బరువు పెరిగారని కొందరిని ఉద్యోగం నుంచి తీసేసింది. గమనించారా? వయసు, పెళ్ళి, గర్భం, బరువు. ఆడమనిషి శరీరం ఎలా కనబడుతోందో కొలవడానికి టేపు, త్రాసు ఎప్పుడూ సిద్ధంగా ఉన్నాయి. అదే శరీరం ఎంత అలసిందో కొలవడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది.

వేధింపుల మాట కూడా దాచకూడదు. తాగిన ప్రయాణికుడి చెయ్యి, సెల్‌ఫోన్ వీడియో, లేఓవర్ హోటల్లో పై అధికారి తలుపు తట్టడం. 2013 చట్టం ప్రకారం పనికోసం వెళ్ళిన ప్రతి చోటూ, ప్రయాణం కూడా, పని స్థలమే. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది. మన ఇళ్ళలో పిల్ల ఫోన్ చేసి ఏడిస్తే "అందుకే వద్దన్నాను" అనేస్తాం. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల ఆ తర్వాత మనకేమీ చెప్పదు.

ఇప్పుడు వాక్యంలోకి రండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం. చిన్న వచనం, దాని మీద ప్రసంగాలు అరుదుగా వింటాం. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఎవరైనా పడితే ఆ రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది అని అందులోని భావం. ఇశ్రాయేలీయుల పైకప్పు మన డాబా లాంటిదే. యెరికోలో రాహాబు డాబా మీద జనుప కట్టెలు ఆరబెట్టింది. మన బడా బజార్ డాబాల మీద అప్పడాలు, వడియాలు ఆరబెడతారు. అంటే అది పని స్థలం. ఈ ఆజ్ఞ ఎవరికి ఇచ్చారో చూడండి. డాబా ఎక్కేవాడితో "జాగ్రత్తగా నడువు" అనలేదు. ఇల్లు కట్టినవాడితో "గోడ కట్టు" అన్నాడు. పడ్డవాడి అజాగ్రత్త గురించి ఒక్క మాట లేదు.

మన దేశంలో పని ప్రమాదం జరిగితే ముందు వచ్చే ప్రశ్న "వాడు హెల్మెట్ పెట్టుకున్నాడా?" విమానంలో అయితే "ఆమె ఆరోగ్యం చూసుకోలేదా?" వాక్యం అడిగేది మరో ప్రశ్న, గోడ ఏది అని. ఆకాశంలో గోడ ఇటుకలతో ఉండదు. విశ్రాంతి గంటల నియమం ఒక గోడ. జీతం కోయని జబ్బు సెలవు ఒక గోడ. మాట వినే కమిటీ, చెవి పరీక్ష, ట్రాలీ బ్రేకు కూడా అలాంటివే.

ఆ గోడలు ఎంత తేలిగ్గా కూలుస్తారో 2025 డిసెంబర్‌లో చూశాం. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి, రాత్రి ల్యాండింగులకు పరిమితి అంటూ కొత్త నియమాలు వచ్చాయి. నియమాలు ముందే ప్రకటించినవి, ఏడాదికి పైగా వ్యవధి ఉంది. దేశంలో అతి పెద్ద ఎయిర్‌లైన్ ఇండిగోకు సరిపడా మనుషులు లేక వేల విమానాలు రద్దయ్యాయి. జనం విమానాశ్రయాల్లో చిక్కుకుని, ఎదురుగా కనబడిన యూనిఫాం మీద కోపం చూపించారు. చివరికి నియంత్రణ సంస్థ ఆ ఎయిర్‌లైన్‌కు నియమాల నుంచి తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. ఇవి పైలట్ల నియమాలు, క్యాబిన్ సిబ్బందికి వేరేవి ఉన్నాయి. కానీ గోడ కట్టమంటే కట్టనివాడికి, చివరికి గోడ లేకుండానే నడుపుకోమని చెప్పడం రెండు చోట్లా ఒకే రకం పాఠం నేర్పుతుంది.

అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఖైదీగా ఓడలో వెళ్తూ, ఈ కాలంలో ప్రయాణం ప్రమాదమని చెప్పాడు. శతాధిపతి పౌలు మాట వినలేదు, ఓడ నడిపేవాడి మాట, ఓడ యజమాని మాట విన్నాడు. తర్వాత తుఫాను వచ్చింది. పద్నాలుగు రోజులు తిండి లేనివాళ్ళతో పౌలు చెప్పింది తినమని. ఆ ఓడలో 276 మంది ఉన్నారు, అందరూ బతికారు. పని చోట ప్రమాదం ముందుగా చూసి చెప్పే మనిషి తరచు హోదా లేని మనిషే అవుతాడు.

హోదా లేనివాళ్ళు కలిసి చెబితే కొంచెం వినబడుతుంది. 2024 మే 7, 8 తేదీల్లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది పెద్ద సంఖ్యలో ఒకేసారి జబ్బు సెలవు పెట్టారు. విమానాలు పదుల సంఖ్యలో ఆగిపోయాయి. సంస్థ 25 మందిని తీసేసింది. తర్వాత ఢిల్లీలో ప్రధాన కార్మిక కమిషనర్ దగ్గర కూర్చుని మాట్లాడుకుని, తీసేసినవాళ్ళను తిరిగి తీసుకున్నారు. అలా సెలవు పెట్టడం సరైన పద్ధతేనా అని మీలో కొందరికి అనుమానం ఉంటుంది. నాకూ ఆ దారి ఇష్టం లేదు, ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. కానీ జబ్బుతో ఉన్న ఒక మనిషి విడిగా సెలవు అడిగితే అనుమానంగా చూసే చోట, వందమంది ఒకేసారి జబ్బు పడడం ఎందుకు జరిగిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఇక్కడ మన ఊరి మనిషిని తలచుకోవాలి. వి.వి. గిరి 1894లో ఈ బరంపురంలోనే పుట్టారు. ఐర్లండ్‌లో లా చదివి వచ్చి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘంగా కట్టారు, 1928లో వాళ్ళ సమ్మెకు నాయకుడయ్యారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో పదవి వదిలేశారు. కోర్టులు, ప్రభుత్వం తేల్చేదాకా ఆగడం కంటే కార్మికులు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే మంచిదని ఆయన వాదం. రాష్ట్రపతి అయ్యారని మనం బడిలో చదువుకున్నాం. ఆ పిల్లలకు ఆయనలో పనికొచ్చే భాగం ఇదీ.

ఇప్పుడు వెళ్ళబోయేవాళ్ళకు కొన్ని మాటలు. లక్షలు కట్టే ముందు తెలుసుకోండి: ఎయిర్‌లైన్ తాను చేర్చుకున్నాక తానే ఇచ్చే భద్రతా శిక్షణే తప్పనిసరి, ప్రైవేటు కోర్సు పత్రం ఉంటేనే ఉద్యోగమన్న నియమం లేదు. బాండు ఉంటే కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. నియామక పత్రం అడగండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. పని చోట ఆరోగ్యం, భద్రత గురించిన సమాచారం అడిగే హక్కు కూడా ఉద్యోగికి ఉంది. పనిలో గాయపడితే పరిహారం ఇచ్చే పాత 1923 చట్టంలోనే విమాన సిబ్బంది పేరు స్పష్టంగా ఉండేది, ఇది చాలామంది సిబ్బందికే తెలియదు. కాబట్టి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఎంత నిద్ర, ఏ నొప్పి, ఎవరికి చెప్పారు. అలసట రిపోర్టు నోటితో చెప్పకండి, రాసి ఇచ్చి కాపీ దాచుకోండి. జలుబుతో ఎగరకండి. గర్భం అని తెలిసిన రోజే చెప్పండి, 26 వారాల ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిందే.

ఇంట్లో ఉండేవాళ్ళకు కూడా ఒక మాట. ఆ పిల్ల నెలకోసారి సెలవు మీద వస్తుంది. ఆదివారం పదింటి దాకా పడుకుంటే "ఉద్యోగం వచ్చాక దేవుణ్ణి మరిచిపోయింది" అనకండి. ఏలీయా బదరీ వృక్షం కింద చచ్చిపోతానని పడుకున్నప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి మళ్ళీ పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాతే ప్రయాణం సంగతి. ఆరాధన సాయంత్రం కూడా ఉంది కదా, అప్పుడు వస్తుంది.

వచ్చే శనివారం సాయంత్రం ఐదింటికి ఇదే గదిలో ఒక కార్మిక న్యాయవాది కూర్చుంటారు. కోర్సు కాగితాలు, బాండు కాపీలు, ఆఫర్ లెటర్లు ఏవి ఉన్నా తీసుకురండి. వేరే ఊళ్ళో పనిచేస్తున్న పిల్లలు ఫోనులో ఫోటో పంపినా చాలు. సూరత్ నుంచి వచ్చిన తమ్ముళ్ళు కూడా తమ కాగితాలతో రావచ్చు.